పిల్లికి నలత చేస్తే దాని మెదడు ఏం చేస్తుంది?

సింగపూర్‌లోని లిటిల్ ఇండియాలో, రేస్ కోర్స్ రోడ్డు దగ్గర ఫ్లాటులో ఉండే పాఠకురాలు ఒకరు ఇలా అడిగారు: "మా పిల్లి మామూలుగానే పొద్దస్తమానం పడుకుని ఉంటుంది. దానికి ఒంట్లో బాగాలేదని కనిపెట్టేదెలా?" అక్కడి ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో పిల్లులపై 1989 నుంచి ఉన్న నిషేధాన్ని 2024 సెప్టెంబర్ 1న ఎత్తేశారు. లైసెన్సు తీసుకుని, మైక్రోచిప్ వేయిస్తే ఇంటికి రెండింటిని పెంచుకోవచ్చు. కాబట్టి ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో పుడుతుంది. పుట్టాలి కూడా.

ఆరోగ్యంగా ఉన్న పిల్లే రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. అందుకని నిద్ర గంటలు లెక్కపెట్టి లాభం లేదు. మెలకువగా ఉన్నప్పుడు గిన్నె చప్పుడుకు వస్తోందా, కిటికీ గట్టు ఎక్కుతోందా, ఒళ్లు నాక్కుంటోందా అన్నది చూడాలి.

అసలు జబ్బు చేసిన జంతువు ఎందుకు నీరసిస్తుంది? క్రిములు ఒంట్లోని సత్తువంతా పీల్చేస్తాయి కాబట్టి అని చాలాకాలం అందరూ అనుకున్నారు. వైద్యులూ అలాగే అనుకున్నారు. అది తప్పు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్ 1988లో ఆ లెక్కను తిరగేశాడు. ఆ మందకొడితనం శరీరం ఓడిపోతున్న గుర్తు కాదని, అది మెదడు జారీచేసిన ఆజ్ఞ అని వాదించాడు.

ఆ ఆజ్ఞ వెళ్లే దారి అద్భుతంగా ఉంటుంది. బాక్టీరియా ఒంట్లో దిగగానే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు దాన్ని పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రోటీన్లను వదులుతాయి. వాటి కబురు రక్తం ద్వారానూ, పొట్ట నుంచి తలకెక్కే వేగస్ నాడి ద్వారానూ మెదడుకు చేరుతుంది. అక్కడ తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఈ2, ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్‌లోని ఉష్ణోగ్రత గీతను పైకి జరుపుతుంది. పిల్లికి మామూలు వేడి సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. దాన్ని ఇంకో డిగ్రీ పెంచాలంటే బోలెడు శక్తి కావాలి. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో మిగతా ఖర్చులన్నీ ఆపినట్టు, మెదడు పరుగును, ఆటను, ఒళ్లు నాక్కోవడాన్ని ఆపేస్తుంది. అందుకే బొచ్చు నిగనిగ పోయి, నడుము దగ్గర చిక్కులు పడుతుంది. వేడి పోకుండా పిల్లి ముడుచుకుంటుంది.

జ్వరం మేలు చేస్తుందా అంటే, 1975లో పరిశోధకుడు మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగువానాలతో తేల్చింది. చల్లని రక్తపు ఈ బల్లులు జబ్బు చేస్తే తామే వేడి చోటు వెతుక్కుంటాయి. జబ్బు చేసినవాటిలో వేడిలో ఉంచినవి ఎక్కువగా బతికాయి, చల్లగా ఉంచినవి ఎక్కువగా చనిపోయాయి.

ఆకలి మందగించడమూ ఈ ఏర్పాటులో భాగమే. 1979లో లిస్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా తినిపిస్తే చావులు పెరిగాయి. లంఖణం పరమౌషధమన్న మన సామెత ఎలుకల విషయంలో గెలిచింది. పిల్లి విషయంలో మాత్రం అదే ప్రమాదం! రెండు మూడు రోజులు తినకపోతే, లావుగా ఉన్న పిల్లికి మరీ, ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి దాని పనిని దెబ్బతీయవచ్చు. ఒక్క రోజు పూర్తిగా తినకపోయినా వైద్యుడికి చెప్పాలి.

మరి పిల్లి దాచే నొప్పి ఎక్కడ బయటపడుతుంది? ముఖంలో. మాంట్రియల్ విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించిన ఫెలైన్ గ్రిమేస్ స్కేల్‌లో చూడాల్సినవి ఐదు: చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఎత్తు. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. నొప్పిలో చెవులు పక్కలకు తిరిగి చదునవుతాయి, కళ్లు సగం మూసుకుంటాయి, మూతి బిగుసుకుంటుంది, మీసాలు నిటారుగా ముందుకొస్తాయి, తల భుజాలకన్నా కిందికి దిగుతుంది. పదికి నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నొప్పికి మందు అవసరం. గుర్రుమంటోంది కదా అని ఊరుకోవద్దు, నొప్పిలోనూ పిల్లి గుర్రుమంటుంది.

నాకు కోపం తెప్పించేది, నొప్పికని ఇంటి మందుల పెట్టెలోంచి మాత్ర తీసి పిల్లికి వేయడం. పిల్లి కాలేయానికి పారాసిటమాల్‌ను విడగొట్టే ఎంజైము చాలదు. ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. ముందుగా చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. నోరు తెరిచి రొప్పుతున్నా, మగపిల్లి మట్టి పెట్టెలో పదేపదే కూర్చుని చుక్క మూత్రం పోయలేకపోతున్నా తెల్లవారేదాకా ఆగకూడదు. రాత్రయినా సరే, తెరిచి ఉన్న పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.