‘ఓ’ అనే ఊళ్ళో ధ్రువకాంతులు

“అనగనగా ఓ ఊరు” అని కథ మొదలుపెడితే, “ఏ ఊరు?” అని మీరు అడుగుతారు. “ఓ ఊరే!” అని జవాబు చెబితే, చెప్పేవాడు వేళాకోళం చేస్తున్నాడనుకుంటారు. కాని పిల్లలూ, “ఓ” అనే పేరుగల ఊరు నిజంగానే ఒకటి ఉన్నది. అది నార్వే దేశంలో, లొఫోటెన్ దీవులలో, సముద్రం ఒడ్డున ఉన్నది. ఇంగ్లీషు “ఏ” అక్షరం నెత్తిన చిన్న సున్నా చుడితే ఆ ఊరి పేరు రాయటం అయిపోయినట్టే! ఆ మాటకు వాగు అని అర్థం. నార్వేవాళ్ళ అక్షరమాలలో అది ఆఖరి అక్షరం. ఆ దీవుల మీదుగా వచ్చే పెద్ద రోడ్డు కూడా ఆ ఊళ్ళోనే ఆఖరవుతుంది. ఆ పైన రంపపు పళ్ళలాంటి కొండలూ, సముద్రమూ తప్ప మరేమీ లేవు.

ఊరు చాలా చిన్నది. ఎర్రరంగు వేసిన కొయ్య ఇళ్ళు నీళ్ళలో పాతిన గుంజల మీద నిలబడి ఉంటాయి. 1844లో కట్టిన రొట్టెల కొట్టు ఇప్పటికీ ఉన్నది. ఊరివాళ్ళకు తరతరాలుగా అన్నం పెట్టింది కాడ్ అనే చేప. ఏటా చలికాలంలో ఈ చేపలు ఉత్తరాన ఉండే బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టటానికి ఈ దీవుల దగ్గరికి వస్తాయి. పట్టిన చేపలను రెండేసి చొప్పున తోకలు కట్టి, కొయ్య దండేల మీద వేలాడదీస్తారు. మన కాకినాడ తీరాన చేపలను ఎండలో ఎండబెడితే, అక్కడ చలిగాలే ఎండబెడుతుంది. ఉప్పు కూడా వెయ్యరు. చేపల నాలుకలు కోసే పని మాత్రం ఆ దీవులలో పిల్లలది. బడి వదలగానే కత్తులు తీసుకుని పోయి, నాలుకలు కోసి అమ్ముకుంటారు. ఆ డబ్బు వాళ్ళదే!

ఈ ఊరు ఉత్తరధ్రువ వృత్తానికి కూడా ఉత్తరాన ఉన్నది. అందుచేత డిసెంబరు రెండవ వారం నుంచి జనవరి మొదటి రోజుల దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కాసేపు సంజవెలుగులాగా నీలంగా ఉంటుంది. తరవాత మళ్ళీ చీకటి. వేసవిలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అర్ధరాత్రి కూడా ఎండ కాస్తుంది.

చలికాలంలో ఒక రాత్రి మీరు ఆ ఊళ్ళో ఉన్నారనుకోండి. ఉన్నిబట్టలు దట్టంగా వేసుకుని, వీధిదీపాలకు దూరంగా, సముద్రం ఒడ్డుకు పోయి నిలబడాలి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. మొదట ఉత్తరపు దిక్కున బూడిదరంగు విల్లులాంటిది కనిపిస్తుంది. “మబ్బు పట్టిందే!” అని మీరు నిరుత్సాహపడతారు. కాని జాగ్రత్తగా చూడండి. దాని వెనక నక్షత్రాలు కనిపిస్తున్నాయి! మబ్బయితే నక్షత్రాలను కప్పెయ్యదూ?

ఆ విల్లు మెల్లిగా ఆకుపచ్చరంగుకు తిరుగుతుంది. పైకి లేస్తుంది. ఉన్నట్టుండి దానిలో మడతలు పడతాయి. దండెం మీద ఆరేసిన ఆకుపచ్చ పట్టుచీర గాలికి రెపరెపలాడినట్టు ఆకాశమంతా ఊగుతుంది. ఒక్కొక్కసారి ఆ చీరకు గులాబీరంగు అంచు కూడా ఉంటుంది. వెలుగు మీ నెత్తి మీదికి వచ్చినప్పుడు కిరణాలన్నీ ఒక్క చోటి నుంచి గొడుగు ఊచలలాగా విచ్చుకుంటాయి. కింద సముద్రం కూడా ఆకుపచ్చగా మెరుస్తుంది. కొద్ది నిమిషాలలో అంతా మాసిపోయి, మళ్ళీ చుక్కలు మిగులుతాయి. వీటినే ధ్రువకాంతులంటారు.

కారణం తెలియని రోజుల్లో వీటిని గురించి జనం ఎన్నో కథలు చెప్పుకున్నారు. ఫిన్లండు దేశం వాళ్ళు వీటిని “నక్క మంటలు” అంటారు. ఒక మాయనక్క తోకతో మంచును ఎగజిమ్మగా ఈ నిప్పురవ్వలు పుట్టాయట! నార్వే ఉత్తరభాగాన ఉండే సామీ జాతి పెద్దలు, ధ్రువకాంతులు ఆడుతూ ఉండగా ఈల వెయ్యవద్దని పిల్లలను హెచ్చరించేవారు. ఈల వేస్తే అవి దిగివచ్చి ఎత్తుకుపోతాయని భయం.

అసలు కారణం మనుషులకు ఒక్కసారిగా తెలియలేదు. 1741లో స్వీడన్ దేశంలో హియోర్టర్, సెల్సియస్ అనే శాస్త్రజ్ఞులు ఒక విచిత్రం కనిపెట్టారు. ధ్రువకాంతులు వెలిగినప్పుడల్లా దిక్సూచి ముల్లు కదులుతున్నది! మనం ఎండనూ, జ్వరాన్నీ కొలిచే సెల్సియస్ డిగ్రీలు ఈయన పేరు మీద వచ్చినవే. ఆకాశంలో వెలిగే వెలుగుకూ, బల్లమీది ముల్లుకూ ఏమిటి సంబంధం?

ఈ ప్రశ్నకు జవాబు వెతకటంలో నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కిలాండ్ తన జీవితమంతా గడిపాడు. ఆయన 1899లో దేశానికి ఉత్తరాన, హాల్దే అనే కొండ శిఖరం మీద ధ్రువకాంతులను పరిశీలించే కేంద్రం కట్టించాడు. ఆ కొండ మీద చలిగాలి మనిషిని నిలవనిచ్చేది కాదు. ఆయన వెంట ఉన్నవారిలో ఒక యువకుడు మంచుచరియ కింద పడి చనిపోయాడు. బిర్కిలాండ్ చేసిన మరొక యాత్రలో ఒక వైద్యవిద్యార్థికి చలికి వేళ్ళు చచ్చుబడి, కొన్ని పోయాయి. శస్త్రవైద్యుడు కావాలన్న అతని కోరిక అంతటితో ముగిసింది. అయినా అతను నిరాశపడక సముద్రశాస్త్రం చదివి ప్రసిద్ధుడైనాడు. అతని పేరు హెలండ్ హాన్సెన్. ఇవాళ మనం పుస్తకంలో ఒక్క నిమిషంలో చదివేసే సంగతి కోసం కొందరు ఇంత మూల్యం చెల్లించారు.

బిర్కిలాండ్ తన ప్రయోగశాలలో ఒక గాజుపెట్టె తయారుచేసి, అందులోని గాలి తోడించాడు. లోపల ఒక గుండ్రని అయస్కాంతాన్ని పెట్టాడు. అది ఆయన “చిన్న భూమి”. దాని మీదికి విద్యుత్ కణాలను వదిలాడు. ఆ కణాలు గోళమంతటా పడక, దాని రెండు ధ్రువాల చుట్టూ చేరి కంకణాలలాగా వెలిగాయి! సూర్యుడి నుంచి వచ్చే కణాల వల్లనే ధ్రువకాంతులు పుడుతున్నాయని ఆయన వాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. 1917లో ఆయన టోక్యో నగరంలో మరణించాడు. ఆకాశంలో విద్యుత్తు ప్రవహిస్తుందని ఆయన చెప్పిన మాట నిజమేనని 1960ల తరవాత ఉపగ్రహాలు రుజువు చేశాయి. ఇప్పుడు ఆ ప్రవాహాలకు ఆయన పేరే పెట్టారు.

మీరు కూడా ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక అయస్కాంతం మీద అట్ట పెట్టి, దాని పైన ఇనపరజను చల్లి, అట్టను వేలితో మెల్లిగా తట్టండి. రజను ఒక ధ్రువం నుంచి మరొక ధ్రువానికి వంపు గీతలుగా సర్దుకుంటుంది. మన భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమే. దాని చుట్టూ ఇలాంటి గీతలు కంటికి కనిపించకుండా ఉన్నాయి. సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక విధమైన గాలి వీస్తూ ఉంటుంది. అది విద్యుత్ కణాల గాలి. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చినా, 15 కోట్ల కిలోమీటర్లు దాటి మనను చేరటానికి దానికి నాలుగు రోజులు పడుతుంది. ఆ గాలి తాకిడికి భూమి అయస్కాంతక్షేత్రం రాత్రి వైపున తోకలాగా సాగుతుంది. బాగా సాగినప్పుడు, ఉండేలు రబ్బరు లాగి వదిలినట్టుగా, కణాలను భూమి వైపు విసురుతుంది. అవి ఆ వంపు గీతల వెంబడి జారి ధ్రువాల చుట్టూ కిరీటంలాగా దిగుతాయి. “ఓ” అనే ఊరు ఆ కిరీటం కిందనే ఉన్నది. మన ఆంధ్ర, తెలంగాణలలోనైతే ఆ గీతలు ఇంచుమించు నేలకు సమాంతరంగా పోతాయి. అందుకనే మనకు ఆ భాగ్యం లేదు.

మరి రంగులెలా వచ్చాయి? వేగంగా వచ్చిన కణాలు గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్లను ఢీకొంటాయి. దెబ్బతిన్న ఆక్సిజన్ పరమాణువు ఒక సెకను లోపల ఆకుపచ్చ కాంతినిస్తుంది. ఇది నేలకు 100 కిలోమీటర్ల పైన జరుగుతుంది. అంటే, హైదరాబాదు నుంచి నల్లగొండ ఎంత దూరమో అంత ఎత్తున! ఎర్రకాంతి ఇవ్వటానికి దానికి రెండు నిమిషాలకు దగ్గరగా పడుతుంది. అంతసేపు మరొక కణం వచ్చి తగలకుండా ఉండాలంటే గాలి చాలా పలచగా ఉండాలి. అందుచేత ఎరుపు 200 కిలోమీటర్లకు పైననే కనిపిస్తుంది. చీర అడుగున గులాబీ అంచు నైట్రోజన్ వల్ల వచ్చినది.

సూర్యుడిలో తుపాను రేగితే ఈ కిరీటం పెద్దదవుతుంది. 1859 సెప్టెంబరులో అలాటి మహాతుపాను వచ్చింది. బొంబాయిలోని కొలాబా పరిశోధనశాలలో అయస్కాంతపు ముల్లు విపరీతంగా కదిలింది. అమెరికాలో కొందరు టెలిగ్రాఫ్ ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, తీగలలో దానంతట అదే పుట్టిన విద్యుత్తుతోనే వార్తలు పంపుకున్నారు! 1989 మార్చిలో వచ్చిన తుపానుకు కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు లేకుండా పోయింది. కనక సూర్యుణ్ణి కనిపెట్టి ఉండటం అందరికీ అవసరమే. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఆ పని మీదనే పోయింది. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి సూర్యుణ్ణీ, ఆ గాలినీ పరిశీలిస్తుంది.

2024 మే 10 రాత్రి మరొక పెద్ద తుపాను వచ్చినప్పుడు లడఖ్ లోని హాన్లే పరిశోధనశాల కెమెరాలకు ఉత్తరపు ఆకాశం ఎర్రబడి కనిపించింది. ఆకుపచ్చ ఎందుకు కనిపించలేదో ఇప్పుడు మీరే చెప్పగలరు. అంత దూరం నుంచి చూసేవారికి చీర అంచు భూమి వంపు చాటున ఉండిపోయింది. అన్నిటికంటె ఎత్తున ఉండే ఎరుపు మాత్రమే పైకి కనిపించింది.

ఈసారి ఎవరైనా “అనగనగా ఓ ఊరు” అని కథ మొదలుపెడితే, “ఆ ఊరు నాకు తెలుసు!” అనండి. ఇనపరజను తెచ్చి, ఆ ఊరి ఆకాశంలో వెలుగు ఎలా దిగుతుందో వాళ్ళకు అట్ట మీద చూపించండి.