మీకు తెలుసా? సముద్రం లేని దీవుల్లో షోలాకిలి

దీవుల్లో తప్ప దొరకని పిట్ట అంటే మనకు అండమాన్ గుర్తొస్తుంది. షోలాకిలి ఉండే దీవుల చుట్టూ మాత్రం చుక్క ఉప్పునీరు ఉండదు. అవి పడమటి కనుమల శిఖరాల మీది షోలా అడవులు. చుట్టూ గడ్డిబీళ్లు, కింద వేడి లోయలు. పిచ్చుకంత పిట్ట, వీపు బూడిద కలిసిన నీలం. పొదల కింద చెమ్మనేల మీద గెంతుతూ రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుంటుంది. లోయలోకి దిగి ఎండలో ఎగరడం దానికి పడదు.

అందుకే కొండకొక తీరు. పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన నీలగిరుల్లో దాని పక్కలు ఇటుక రంగు. దక్షిణాన పళని, ఆనైమలై కొండల్లో పొట్ట తెలుపు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ పరిశోధకులూ, వారి సహచరులూ డీఎన్‌ఏనీ, పాటలనీ, ఈకల రంగులనీ పోల్చి చూసి, 2017లో వీటికి ‘షోలికోలా’ అనే కొత్త ప్రజాతినే ఏర్పరచారు. అంతేనా, శెంకోట్టై కనుమకు దక్షిణాన, అగస్త్యమలై వైపున్నది పై రెండూ కాక మూడో జాతి అని తేల్చారు. పక్షిశాస్త్రంలో ఇంత పెద్ద మార్పు మన దేశంలో అరుదే! ఆ పరిశోధనను నడిపిన వి.వి. రాబిన్ తర్వాత మన తిరుపతిలోని విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్‌లో అధ్యాపకుడిగా చేరారు.