అరచేతి యంత్రమున మేధావ్యాయామము

2005లో జపాను దేశమున నింటెండో సంస్థ, నాడీశాస్త్రవేత్త ర్యూటా కవషిమా పేరిట, డీఎస్ అను అరచేతి యంత్రమునకై వెలువరించిన మేధావ్యాయామ క్రీడ, చిన్న చిన్న కూడికలను, హెచ్చవేతలను వడివడిగా చేయించి, ‘మెదడు వయస్సు’ ఇంతయని తేల్చి చెప్పుటచే, ఆటయంత్రముల వైపు కన్నెత్తి చూడని వృద్ధులను సైతము ఆకర్షించెను. నిన్నటికంటె నేడు ఆ వయస్సు తగ్గినదన్న తృప్తియే ఆ ఆకర్షణకు మూలము. కాని ఇట్టి మేధావ్యాయామములను 11,430 మంది ఆరు వారములు అభ్యసించిన పరీక్షను 2010లో ‘నేచర్’ పత్రిక ప్రకటించినది. ఆడిన ఆటయందు నేర్పు పెరుగునే కాని, అది ఇతర కార్యములకు సంక్రమించినట్లు అందు కానరాలేదు. యంత్రమునకు మరియొక లోపమును కలదు. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల గద్దెలపై పులిజూదమను ఆట పటమును గీసికొని, 3 పులులను 15 మేకలతో కట్టివేయ యోచించు పెద్దలకు సజీవుడైన ప్రత్యర్థి ఎదుట నుండును. ఆ సాంగత్యము యంత్రమున లభింపదు. పాఠకులారా, ఇట్టి యంత్రమును వినోదమునకై కొనుడు. బుద్ధి వికసించునను ఆశతో మాత్రము కొనవలదు.