ఒకే పాట, రెండు గొంతులు

సోల్ సంగీతం వినాలనుకునేవారి చేతికి వంద ఆల్బమ్‌ల జాబితా ఇస్తే బెదిరిపోతారు. మొదలుపెట్టడానికి ఒక్క పాట చాలు. దాన్ని రెండు గొంతుల్లో వినాలి. ఆ పాట 'రెస్పెక్ట్'.

రాసినవాడు ఓటిస్ రెడింగ్. 1965లో తనే పాడాడు. సంపాదించి ఇంటికొచ్చే మగవాడు కాస్త మర్యాద ఇమ్మని భార్యను అడుగుతాడు అందులో. బొంగురు గొంతు, ఆగలేని తొందర, వెనక బాకాల మోత. రెండేళ్ల తర్వాత అరేతా ఫ్రాంక్లిన్ న్యూయార్క్‌లో అదే పాట అందుకుంది. ఈసారి అడిగేది స్త్రీ. అంతే, అర్థం మొత్తం తిరగబడింది. పాట పేరును అక్షరం అక్షరంగా విడగొట్టి పలకడం ఓటిస్ పాటలో లేదు, ఆమె చేర్చిందే. అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్ వెనక వంత పాడారు. 1967లో ఆ రికార్డు అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. నల్లజాతి హక్కుల కోసం పోరాడేవాళ్లూ, స్త్రీల హక్కుల కోసం పోరాడేవాళ్లూ దాన్ని తమ పాట చేసుకున్నారు.

ఆ వంతను జాగ్రత్తగా వినాలి. బుర్రకథ విన్న చెవికి అది పరాయిగా అనిపించదు. కథకుడు ఒక మాట వదిలితే పక్కవాళ్లు అందుకున్నట్టే, అమెరికాలోని నల్లజాతి చర్చిల్లో పాస్టర్ పిలుపుకు జనం బదులు పలుకుతారు. అరేతా తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో పేరుమోసిన పాస్టర్. ఆమె గొంతు విచ్చుకున్నది ఆయన చర్చిలోనే. 1954లో రే చార్లెస్ ఒక భక్తిగీతం బాణీని తీసుకుని 'ఐ గాట్ ఎ ఉమన్' అనే ప్రేమపాట చేస్తే, అపచారమని నొచ్చుకున్నవాళ్లున్నారు. చర్చి గొంతు రిథమ్ అండ్ బ్లూస్ దరువుతో కలిస్తే పుట్టిందే సోల్. ఆ 'రిథమ్ అండ్ బ్లూస్' అన్న పేరు వెనకా ఒక కథ ఉంది. నల్లవాళ్ల పాటలను 'రేస్ రికార్డులు' అంటూ వేరుగా లెక్కగట్టే రోజుల్లో, 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ మాట తీసేసి ఇది పెట్టింది. ఆ పేరు సూచించిన జెర్రీ వెక్స్‌లర్ ఆ తర్వాత అరేతా పాటలకు నిర్మాత అయ్యాడు.

ఓటిస్ 'రెస్పెక్ట్' పుట్టింది మాత్రం మెంఫిస్‌లో, ఒక పాత సినిమా హాల్లో. బ్యాంకు ఉద్యోగి జిమ్ స్టూవర్ట్‌కు పాటల పిచ్చి. రికార్డింగ్ యంత్రం కోసం అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇల్లు తాకట్టు పెట్టింది. 1960లో ఇద్దరూ క్యాపిటల్ థియేటర్‌ను అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు గానీ, నేల వాలును అలాగే ఉంచేశారు. ఇంటర్వెల్‌లో చిరుతిళ్లు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల కొట్టు తెరిచింది. ఏ పాటకు కుర్రకారు కాళ్లు ఆడుతున్నాయో అక్కడే తెలిసిపోయేది. ఇద్దరి ఇంటిపేర్లలో మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలు కలిపితే కంపెనీ పేరు: స్టాక్స్.

ఆ హాల్లో వాయించిన ప్రధాన బృందం బుకర్ టి. అండ్ ది ఎమ్‌జీస్. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. రంగును బట్టి మనుషులను విడదీసిన ఊళ్లో అది చిన్న సంగతి కాదు. అందరూ కలిసి కూర్చోగల చోట్లలో లొరైన్ మోటెల్ ఒకటి. 'నాక్ ఆన్ వుడ్' పాట అక్కడే రాశారు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది ఆ మోటెల్ బాల్కనీలోనే.

డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ పాటల్లో నగిషీ ఎక్కువ, అవి వెంటనే నచ్చుతాయి. స్టాక్స్ పాటను రెండోసారి వినాలి. ఈసారి గాయకుణ్ని వదిలేసి ఎమ్‌జీస్ బృందంలోని ఆల్ జాక్సన్ డ్రమ్స్ మీద చెవి పెట్టాలి. స్టాక్స్‌లోనే రికార్డయిన విల్సన్ పికెట్ 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్'లో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడతాయి. పాటలోని ఊపంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

1962లో ఓటిస్ స్టాక్స్ హాలుకు వచ్చింది మరో కళాకారుడి కారు నడుపుకుంటూ. చివర్లో సమయం మిగిలితే పాడనిచ్చారు. 1967 డిసెంబర్ 10న విమాన ప్రమాదంలో పోయాడు, 26 ఏళ్లకే. కొద్ది రోజుల ముందు రికార్డు చేసిన 'డాక్ ఆఫ్ ది బే' మరుసటి ఏడాది పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ పాట చివర వినిపించే ఈల అతనిదే.

థియేటర్‌ను 1989లో కూల్చేశారు. 2003 నుంచి అదే స్థలంలో స్టాక్స్ మ్యూజియం ఉంది. అరేతా పుట్టిన చిన్న చెక్క ఇల్లు అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. అయినా ఆమె స్టాక్స్ కోసం ఒక్క పాటా రికార్డు చేయలేదు.