డచ్చి కుందేలు: దాని లక్షణాలు, పోషణ

పెంపుడు కుందేళ్ళలో సాధుస్వభావానికి పేరుపొందిన జాతి డచ్చి కుందేలు. పేరు డచ్చివారిదే అయినా, బెల్జియంనుండి వచ్చిన చిన్న కుందేళ్ళను పెంచి దానికి యీ రూపం తెచ్చినవారు 19వ శతాబ్దపు ఇంగ్లీషువారు. ముక్కునుండి నుదుటిదాకా తెల్లని చార, తెల్లని మెడ, భుజాలు. చెవులూ, వెనుక సగమూ నలుపో, బూడిదరంగో. చెవులు పొట్టివి. తూకం సుమారు 2 కిలోలు.

దాని సాధుత్వమే దానికి ముప్పు. కుక్కకు బాధ కలిగితే మూలుగుతుంది. కుందేలు నోరు మెదపదు. జబ్బు పైకి కనబడనివ్వదు. అందుచేత పెంచేవారు రోజూ దాని మేతనూ, పెంటికలనూ గమనించాలి. ఒక పూట మేత ముట్టకపోయినా, పెంటికలు ఆగినా ఆనాడే పశువైద్యునికి చూపించాలి. దాని ప్రేగులు నిరంతరం కదులుతూ వుండాలి. వాంతి చేసుకొనే శక్తి దానికి లేదు.

ముఖ్యాహారం ఎండుగడ్డి. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి. గడ్డి నమలడంవల్ల అవి అరుగుతాయి. కొత్తిమీర, ముల్లంగి ఆకు కొద్దిగా పెట్టవచ్చు. క్యారెట్టు తీపి గనుక చిన్న ముక్క చాలు. అన్నం, బిస్కెట్లు, ఉల్లి, వెల్లుల్లి పెట్టరాదు. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో వుండాలి. తన మెత్తని పెంటికలు తానే తింటుంది; అది రోగం కాదు, వాటిలోని పోషకాలు దానికి అవసరం.

చలిదేశపు జాతి గనుక చెన్నై, బళ్ళారి, బరంపురం వంటి చోట్ల వేసవే దానికి పరీక్ష. దానికి చెమట పట్టదు. ఒంటి వేడి ముఖ్యంగా చెవులద్వారా పోతుంది. 30 డిగ్రీలు దాటితే కష్టపడుతుంది. గూడు నీడలో, గాలి ఆడేచోట వుంచి, ప్రక్కన తడి గోనెపట్టా వ్రేలాడదీయాలి. చన్నీళ్ళు నింపిన మట్టికుండ లోపల పెడితే దాని నానుకొని పడుకుంటుంది. ఒంటిమీద నీళ్ళు మాత్రం గుమ్మరించరాదు.

చెవులు పట్టుకొని ఎత్తడం క్రూరత్వం. ఒక చేయి రొమ్ముక్రింద, రెండవ చేయి వెనుకభాగం క్రింద వుంచి ఒంటికి ఆనించుకోవాలి. బెదిరి వెనుక కాళ్ళతో తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చు. పిల్లలు నేలమీద కూర్చుండి నిమరడం మేలు.

ఆడ, మగ ఒకే గూటిలో వుంటే సుమారు 31 రోజులకే పిల్లలు పుడతాయి గనుక వేరుగా వుంచాలి. బాగా చూస్తే 8 ఏళ్ళదాకా బ్రతుకుతుంది. పిల్లలు సెలవులలో ముచ్చటపడి అడిగితే, బడి తెరచిన తరువాత దానికి గడ్డి, నీళ్ళు ఎవరు పెడతారో యింట్లో ముందే నిర్ణయించుకొని మరీ తెచ్చుకోవాలి.