మీకు తెలుసా? తలకోన ఉడుతకు తుపాకీ చూపిస్తే జైలే!

అమెరికాలో ఉడుతల వేటకు చాలామంది పాయింట్ 22 రైఫిల్ ఎంచుకుంటారు. దాని తూటాలో నిప్పు రాజేసే రసాయనం అడుగున అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కగానే పేలుతుంది. ‘లాంగ్ రైఫిల్’ రకం తూటా 1887లో వచ్చింది.

అది అమెరికా సంగతి. మన సదుంకు దగ్గర్లోని తలకోన అడవిలో ఉండే పెద్ద ఉడుత, తోకతో కలిపి దాదాపు మూడడుగులు! నేల మీదికి దిగడమే అరుదు. కొమ్మ నుంచి కొమ్మకు ఇరవై అడుగులు దూకేస్తుంది. అలికిడైతే కొమ్మను కరుచుకుని కదలదు. నాటు తుపాకీకి అది సులువుగా దొరికిపోయేది అందుకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాని వేట నేరం. లైసెన్సు ఉన్న తుపాకీ అయినా సరే. గురి చూడాలనిపిస్తే 8×42 బైనాక్యులర్ పట్టుకెళ్లండి, పొద్దున్నే.