బత్తాయి వేరు నుంచి కంటి నల్లగుడ్డు దాకా

ఎండు వేరుకుళ్లు సోకిన బత్తాయి చెట్టును పైపైన చూసి పోల్చుకోవడం కష్టం. ఆకులు పసుపు తిరిగి రాలుతాయి. ఒక్కోసారి చెట్టు విపరీతంగా పూసి, కాయ ముదరకముందే నిలువునా ఎండిపోతుంది. తవ్వి చూస్తే వేరు బెరడు కుళ్లి ఊడివస్తుంది. ఈ తెగులుకు కారణమయ్యే వాటిలో ముఖ్యమైనది ఫ్యూజేరియం సొలానీ అనే నేల శిలీంద్రం. నూర్పిళ్ల వేళ వడ్లగింజో ఆకు కొసో తగిలి, కన్ను ఎర్రబడి ఆసుపత్రికి వచ్చిన కూలీ నల్లగుడ్డు మీది పుండును గీకి, ఆ నమూనాను ప్రయోగశాలలో పెంచినప్పుడు కూడా తరచుగా ఇదే, లేదా దీని దాయాదులే బయటపడతాయి.

1842లో జర్మన్ శాస్త్రవేత్త మార్షియస్ దీన్ని కుళ్లిన బంగాళాదుంపల మీద గుర్తించి వర్ణించాడు. 1881లో ఇటలీకి చెందిన సక్కార్డో ఫ్యూజేరియం ప్రజాతిలో చేర్చాడు. ఇది ఒక్క జాతి కాదనీ, 60కి తక్కువ కాని జాతుల సమూహమనీ జన్యు పరీక్షలు తేల్చాయి. దీనికి నియోకాస్మోస్పోరా అని పేరు మార్చాలన్న వాదం ఇంకా నడుస్తోంది. ఆ తగవు తీరేదాకా రైతుకూ వైద్యుడికీ పాత పేరే చాలు. కదురులా రెండు కొసలూ సన్నబడిన సిద్ధబీజాలు దీని గుర్తు. వీటికి తోడు మందపాటి గోడలున్న విశ్రాంతి బీజాలు పంట లేకపోయినా నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. అందుకే ఒకసారి పట్టిన వేరుకుళ్లు తోటను అంత తేలిగ్గా వదలదు.

మొక్కతో దీని పోరు ఎంత సూక్ష్మమైనదో బఠాణీ మీద జరిగిన పరిశోధనలు చూపాయి. శిలీంద్రం దాడి చేయగానే బఠాణీ మొక్క పిసాటిన్ అనే విషాన్ని తయారు చేసుకుంటుంది. చాలా బూజులు అక్కడే ఆగిపోతాయి. ఈ సమూహంలోని కొన్ని రకాలు మాత్రం ఒక ఎంజైముతో పిసాటిన్ అణువు నుంచి చిన్న ముక్కను తొలగించి, దాని విషాన్ని చాలావరకు విరిచేస్తాయి. అమెరికాలో హాన్స్ వానెటెన్ బృందం దశాబ్దాల పాటు ఈ విషయాన్నే తవ్వింది. ఆ ఎంజైము జన్యువు ఒక అదనపు క్రోమోజోము మీద ఉంటుందని తేలింది. ఆ క్రోమోజోము పోయినా శిలీంద్రం ప్రయోగశాలలో హాయిగా పెరుగుతుంది, బఠాణీ మీద మాత్రం దాని జోరు తగ్గుతుంది. 2009లో బఠాణీని పట్టే ఈ రకం జన్యుపటం వెలువడింది. అందులో 17 క్రోమోజోములున్నాయి.

మనిషిని పట్టడానికి ఇంత ప్రత్యేకమైన ఏర్పాటు దానికి అక్కరలేదనిపిస్తుంది. మన శరీరపు వేడికి తట్టుకోగలగడం, తెగిన కణజాలం దొరకడం చాలు. నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన పొర కార్నియాలో రక్తనాళాలుండవు, కాబట్టి రక్షక కణాలు అక్కడికి ఆలస్యంగా చేరుతాయి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదేళ్ల కాలంలో చూసిన 1,350కి పైగా శిలీంద్రపు కంటిపుండ్లను సమీక్షించి 2002లో ప్రకటించిన వివరాల్లో, మూడోవంతుకు మించి ఫ్యూజేరియమే. రోగుల్లో పనిచేసే వయసు మగవారే ఎక్కువ. ఎరుపు తగ్గుతుందని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం ఇక్కడ పెద్ద ప్రమాదం: అవి రక్షణను అణిచి శిలీంద్రానికి దారి ఇస్తాయి. పుండు మానినా కంట్లో పువ్వు మిగిలి చూపు పోవచ్చు. 2013లో వెలువడిన మదురై అరవింద్ ఆసుపత్రి తదితర కేంద్రాల పరీక్షలో, 323 మంది రోగుల మీద పోల్చి చూస్తే, కొత్త మందు వొరికొనజోల్ కన్నా పాత నాటమైసిన్ చుక్కలే మెరుగని తేలింది. ఫ్యూజేరియం పుండ్లలో ఆ తేడా మరీ స్పష్టం. ఆ నాటమైసిన్‌ను ఇచ్చిందీ నేలే. 1950లలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది.

శరీరం లోపలికి చేరితే కథ మారుతుంది. రక్తకాన్సర్ చికిత్సలో తెల్లకణాలు పడిపోయిన రోగుల్లో ఇది రక్తంలోకి పాకి చర్మం మీద నల్లటి పుండ్లు లేపుతుంది. 2022 చివర మెక్సికోలోని డురాంగోలో వెన్నులో మత్తు ఇంజెక్షన్ తీసుకున్న స్త్రీలలో మెదడుపొరల వాపు చెలరేగింది. దానికి కారణం ఈ ఫ్యూజేరియం సొలానీయే. పదుల మంది చనిపోయారు.

ఇలాంటప్పుడు వైద్యుడి చేతిలో ఉన్నవి వొరికొనజోల్, యాంఫోటెరిసిన్ వంటి ఒకటి రెండు మందులే. మామూలుగా వాడే ఫ్లుకొనజోల్ దీని మీద పనిచేయదు. వొరికొనజోల్, ఫ్లుకొనజోల్ లాగే పొలాల్లో చల్లే టెబుకొనజోల్, ప్రొపికొనజోల్ కూడా అజోల్ అనే మందుల కుటుంబానివే. పొలంలో వీటికి అలవాటుపడిన శిలీంద్రం ఆసుపత్రి మందుకూ లొంగకపోవచ్చు. ఎండు వేరుకుళ్లును అదుపు చేయడానికి వేపపిండి, పశువుల ఎరువుతో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రాన్ని కలిపి పాదుల్లో వేయమని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అజోల్ మందును పొలంలో అవసరమున్న చోటికే పరిమితం చేయడానికి ఆ సలహా ఒక దారి. దాన్ని పాటించమని వ్యవసాయ శాస్త్రవేత్తతో పాటు కంటి వైద్యుడు కూడా రైతును అడగవచ్చు.